బాలి వెళ్ళిన దొర, రాజమండ్రి వచ్చిన దొర

మొన్నామధ్య మా టీమ్‌లో ఒక కుర్రాడు పెళ్ళి చేసుకుని బాలి వెళ్ళొచ్చాడు. మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో ఇదొక ఆనవాయితీ అయిపోయింది లెండి. మా రోజుల్లో కొత్త దంపతులు అన్నవరం వెళ్ళి వ్రతం చేసుకొచ్చినట్టు, ఇప్పుడు బాలి. అందరికీ చాక్లెట్లు పంచాక, బ్యాగులోంచి జాగ్రత్తగా ఒక బొమ్మ తీసి మానిటర్ పక్కన నిలబెట్టాడు. చిన్న కాన్వాసు. మెట్లు మెట్లుగా వరిమళ్ళు, కొబ్బరిచెట్ల సందుల్లోంచి ఏటవాలుగా పడుతున్న ఎండ, నాగలి పట్టుకున్న రైతు. ఉబుద్ అనే ఊళ్ళో కొన్నాడట. బాగుంది, అబద్ధమెందుకు.

బొమ్మతో పాటు గైడు చెప్పిన కథ కూడా పట్టుకొచ్చాడు. "వీళ్ళకి ఒకప్పుడు గుళ్ళో దేవుళ్ళ బొమ్మలు వెయ్యడమే తెలుసట అన్నా. జర్మనీ నుంచి వాల్టర్ స్పీస్ అని ఒకాయన వచ్చి అందరికీ నేర్పాడట. ఇవాళ ఊరు ఊరంతా పెయింటర్లే. మనకీ అలాంటివాడు ఒక్కడొచ్చుంటే ఎంత బాగుండేదో!"

ఎదురుగా కూర్చుని టిఫిన్ బాక్సు విప్పుతున్న మా టెస్టింగ్ లీడ్‌ది బందరు. ఆవిడకి చర్రున కోపమొచ్చింది. వేసుకున్న చున్నీ అంచు చూపించి, "ఏం బాబూ, మనకి దొర వచ్చి నేర్పాలా? ఇదిగో, మా బందరు కలంకారీ. ఏ తెల్లవాడి వాసనా తగల్లేదు దీనికి. అచ్చంగా మనది" అంది. ఈలోగా ఒంటిగంటన్నర కాల్ టైమైంది. ఎవరి హెడ్‌సెట్ వాళ్ళు తగిలించుకున్నారు.

నాకు మాత్రం ఆ సాయంత్రమంతా అదే బుర్రలో తిరిగింది. ఎందుకంటే ఇద్దరూ పొరపడ్డారు. మనకి దొర రాలేదని వాడన్నాడు, వచ్చాడు. కలంకారీకి తెల్లవాడి వాసన తగల్లేదని ఈవిడంది, గుప్పుమనేంత తగిలింది.

ముందు బాలి సంగతి చూద్దాం, గైడు చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు కాబట్టి. వాల్టర్ స్పీస్ జర్మన్ చిత్రకారుడు, సంగీతం కూడా తెలిసినవాడు. 1923లో జావా చేరి, అక్కడ జోగ్యకర్త సుల్తాను దగ్గర పాశ్చాత్య సంగీత బృందాన్ని నడిపి, 1927లో బాలికి మకాం మార్చాడు. 1929లో రుడోల్ఫ్ బోనె అనే డచ్చివాడు వచ్చాడు. 1936లో వీళ్ళిద్దరూ, ఉబుద్ రాజకుటుంబానికి చెందిన చొకోర్దా గదె అగుంగ్ సుకావతీ, ఇంకొందరు కలిసి 'పిట మహా' అని చిత్రకారుల సంఘం పెట్టారు. అంతకుముందు బాలిలో బొమ్మలంటే చాలావరకూ తోలుబొమ్మల పద్ధతిలో గీసిన రామాయణ భారత కథలే. ఆ తర్వాత సంత, కోతలు, కోడిపందాలు, అడవి, వెలుగునీడలు వచ్చాయి. ఇంతవరకూ నిజం.

గైడు చెప్పనిది ఏమిటంటే, దొరలు రాకముందు ఏం జరిగిందో. 1906-08 మధ్య డచ్చివాళ్ళు దక్షిణ బాలి రాజ్యాల్ని కబళించారు. బదుంగ్, క్లుంగ్‌కుంగ్ రాజకుటుంబాలు లొంగిపోవడం ఇష్టంలేక, తెల్లబట్టలు కట్టుకుని తుపాకులకి ఎదురెళ్ళి చచ్చిపోయాయి. అంటే బొమ్మలు వేయించుకునే రాజుల్లో కొందరు పోయారు, మిగిలినవాళ్ళ పెత్తనం పోయింది. ఆ ఖాళీలోకి 1920ల్లో ఓడల కంపెనీ వాడు టూరిస్టుల్ని దించాడు. గోడకి తగిలించుకోవడానికీ, సూట్‌కేసులో పట్టడానికీ వీలైన బొమ్మ వాళ్ళకి కావాలి. గ్రెగరీ బేట్సన్, మార్గరెట్ మీడ్ అనే మానవశాస్త్ర పండితులు 1936-38 మధ్య అక్కడుండి, ఎక్కువగా బతువాన్ అనే ఊరి వాళ్ళ దగ్గర వెయ్యికి పైగా బొమ్మలు కొన్నారు. ఆ బతువాన్ బొమ్మలు చూస్తే స్పీస్ ఛాయలు పెద్దగా కనిపించవు. నల్లగా, కిక్కిరిసి, దయ్యాలతో భయపెడుతూ ఉంటాయి. స్పీస్ అసలు కూర్చోబెట్టి పాఠాలు చెప్పే రకం కాదు. ఆ ఓపిక బోనెకి ఉండేది. పిట మహాలో పెద్దతలకాయల్లో ఒకడైన గుస్తి న్యోమన్ లెంపాద్ అయితే అప్పటికే వయసు మీద పడ్డ శిల్పి, గుళ్ళూ రాజభవనాలూ కట్టిన చెయ్యి. ఆయనకి గీత గియ్యడం ఇంకొకరు నేర్పాల్సిన పనేముంది?

మరి దొరలు ఏం చేసినట్టు? నాకర్థమైనంతవరకూ పిట మహా చేసిన పెద్దపని బొమ్మల్ని వడకట్టడం. చిత్రకారులు తెచ్చినవాటిలో మంచివి ఏరి, వాటికి మంచి ధర వచ్చేలా చూసి, బయట ప్రదర్శనలకి పంపడం. మన భాషలో చెప్పాలంటే రివ్యూ, రిలీజు. ఇంకో మార్పు కూడా జరిగింది, నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది. గుడికి వేసిన బొమ్మ కింద పేరు రాసుకునే అలవాటు పెద్దగా లేనిచోట, 1930ల నాటికి బొమ్మ మూల సంతకం వచ్చింది. లెంపాద్, సోబ్రత్ అని మనం ఇవాళ పేర్లు చెప్పుకోగలుగుతున్నాం. దాని గురించి మళ్ళీ వస్తాను.

ఇప్పుడు మా లీడ్ గారి చున్నీ. శిల్పారామంలో, అదే సైబర్ టవర్స్ నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో, ఏ స్టాల్‌కి వెళ్ళినా కలంకారీ దుప్పటి మీద ఒక చెట్టు కనిపిస్తుంది. గుట్ట మీంచి మెలికలు తిరుగుతూ లేచిన కాండం, ఒకే చెట్టుకి నలభై రకాల పూలు, కొమ్మల మీద పక్షులు. అమ్మేవాళ్ళు దాన్ని కల్పవృక్షం అంటారు. అంత పెద్ద పూలచెట్టు మన పొలాల్లో ఎక్కడ చూశామా అని నాకెప్పుడూ అనుమానం వచ్చేది. తర్వాత చదివితే తెలిసింది. ఆ చెట్టు వేళ్ళు సగం పర్షియాలో, కొన్ని చైనాలో, కొన్ని సరాసరి లండన్‌లో ఉన్నాయి.

కలంకారీ అన్న మాటే పారశీకం. మచిలీపట్నం గోల్కొండ కుతుబ్‌షాహీల రేవు. పర్షియా వర్తకులు అప్పటికే అక్కడ పాతుకుపోయారు. 1600ల మొదటి దశకంలో డచ్చివాళ్ళు, 1611లో ఇంగ్లీషువాళ్ళు వచ్చి కొట్లు తెరిచారు. మన కృష్ణా తీరంలో దొరికే చిరువేరు ఎరుపు, కరక్కాయ, పటిక, తుప్పు ఇనుముని బెల్లంతో నానబెట్టి తీసిన నలుపు.. ఎన్ని ఉతుకులు ఉతికినా పోని ఆ రంగులకి యూరప్ పిచ్చెక్కిపోయింది. ఇక మొదలయ్యాయి రిక్వైర్‌మెంట్లు. 1643లో లండన్‌లో ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లు సూరత్ కొట్టుకి ఒక ఉత్తరం రాశారు. దాని సారాంశం ఏమిటంటే, మీరు పంపే దుప్పట్లు ఎర్రటి నేలమీద దిగాలుగా ఉంటున్నాయి, అందరికీ నచ్చట్లేదు, ఇకమీదట నేల తెల్లగా ఉంచి మధ్యలో పూలూ కొమ్మలూ రంగుల్లో వేయించండి, అని. అది సూరత్‌కి వెళ్ళినా, ఇలాంటి ఆర్డర్లు, నమూనా బొమ్మలు మన తీరానికీ వచ్చాయి. వాటితో పాటే పర్షియా పూలు, చైనా రాళ్ళగుట్టలు. అన్నీ కలిసి కొన్నాళ్ళకి ఆ చెట్టు తయారైంది.

ఆ ఉత్తరం సంగతి చదువుతుంటే నవ్వొచ్చింది. నాలుగు వందల ఏళ్ళు కావస్తోంది, బ్యాక్‌గ్రౌండ్ తెల్లగా చెయ్యమనే గొడవ ఇంకా తెగలేదు :)

అయితే దీన్నిబట్టి కలంకారీ మనది కాదంటానా? అననుగాక అనను. లండన్‌వాడికి కావలసింది పూలు. ఆ పూలని ఎలా నిలబెట్టాలో, ఏ రంగు మీద ఏ రంగు ఎక్కుతుందో, ఎండలో ఎన్నాళ్ళు ఆరాలో వాడికేం తెలుసు? బొమ్మ వేసినవాడు ఎన్నడూ చూడని దేశపు పూలని వేశాడు, అవి ఆ దేశపువాళ్ళకే తెగ నచ్చాయి. నాకు బాధనిపించేది వేరే విషయంలో. ఆ కంపెనీల లెక్కల్లో ఎన్ని తానులు, ఎంత ధర, ఏ ఓడ, అన్నీ ఉంటాయి. ఆ ఓడలెక్కిన గొప్ప గొప్ప బట్టలు ఇవాళ లండన్‌లో విక్టోరియా ఆల్బర్ట్ మ్యూజియంలో అద్దాల వెనక ఉన్నాయి. వేసినవాడి పేరు ఉండాల్సిన చోట "కోరమాండల్ తీరం" అని ఉంటుంది. ఒక మనిషి పేరు లేదు. తీరం పేరుంది.

ఫ్రాన్సు 1686లో, ఇంగ్లండు 1700, 1721ల్లో చట్టాలు చేసి మన బట్టల్ని అడ్డుకున్నాయి, తర్వాత మిల్లుల్లో వాళ్ళే అచ్చువేసుకున్నారు. ప్రాజెక్టు క్యాన్సిల్. బెంచి మీదకి వచ్చినవాళ్ళు ఎంతమందో, ఏమైపోయారో చెప్పడానికి అసలు వాళ్ళ పేర్లే లేవు.

దొర అంటే కొనేవాడొక్కడే కాదు. ఇప్పుడు నిజంగా చెప్పాలనుకున్న మనిషి దగ్గరికొస్తాను.

1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి ఉపన్యాసాలిచ్చాడు. ఊరు ఊగిపోయింది. వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకున్నందుకు ట్రైనింగ్ కాలేజీ కుర్రాళ్ళని ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ శిక్షించాడు. గాడిచర్ల హరిసర్వోత్తమరావుని కాలేజీ నుంచి గెంటేశారు, ఇవన్నీ మనం టెన్త్‌లో చదువుకున్నవే. ఇది జరిగిన రెండేళ్ళకి, 1909లో, అదే ఊళ్ళో ఆర్ట్స్ కాలేజీకి ఇంకో ఇంగ్లీషాయన ప్రిన్సిపాల్‌గా వచ్చాడు. పేరు ఆస్వాల్డ్ కూల్డ్రే. ఊరు ఆక్స్‌ఫర్డ్ దగ్గర అబింగ్డన్. వయసు ఇరవై ఏడు. అంటే మన దగ్గరైతే సీనియర్ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ అయ్యే వయసు.

ఈయన ఇంగ్లీషు సాహిత్యం చెప్పేవాడు, పద్యాలు, కథలు రాసేవాడు, నీటిరంగుల్లో బొమ్మలు వేసేవాడు. అంతవరకైతే ఆ కాలపు దొరల్లో చాలామంది అలాంటివాళ్ళే. ఈయన చేసిన తేడా పని, బొమ్మల పిచ్చి ఉన్న పిల్లల్ని వెతికి పట్టుకోవడం. దామెర్ల రామారావు, అడివి బాపిరాజు, కవికొండల వెంకటరావు, వీళ్ళంతా ఆయన చుట్టూ చేరినవాళ్ళే. ఒకరు చిత్రకారుడు, ఒకరు కవి, మధ్యవాడు రెండూనూ, నవలలు అదనం. చుట్టూ ఉన్న గోదారినీ, మనుషుల్నీ చూసి గియ్యమని ప్రోత్సహించాడు. పిల్లల్ని వెంటబెట్టుకుని అజంతా తీసుకెళ్ళాడు.

ఇక్కడ కాస్త ఆగాలి. రాజమండ్రి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. అజంతా ఎక్కడుందో తెలుసా? హైదరాబాదు రాజ్యంలో. 1956లో మరాఠ్వాడా బొంబాయి రాష్ట్రంలో కలిసేవరకూ అజంతా మనదే, అంటే హైదరాబాదు రాష్ట్రంలోనిదే. ఇక్కడ చదువుకున్న మాకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. ఆ ఇంగ్లీషాయన, గోదావరి జిల్లా తెలుగు పిల్లల్ని రైలెక్కించి, బ్రిటిష్ ఇండియా దాటించి, హైదరాబాదు రాజ్యంలో పదిహేను వందల ఏళ్ళనాటి గోడల ముందు నిలబెట్టాడన్నమాట. పాశ్చాత్యుడు వచ్చి పాశ్చాత్య పద్ధతి నేర్పాడు అనే మామూలు కథకి ఇది సరిగ్గా ఎదురు. రవివర్మ క్యాలెండర్లు రాజ్యమేలుతున్న రోజుల్లో, మీ తాతముత్తాతల గీత చూడండి అని చూపించింది ఆయన.

రామారావుని బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కి పంపించడంలోనూ కూల్డ్రేదే చొరవ. 1916లో చేరాడు. పని చూసి నేరుగా మూడో సంవత్సరంలోకి తీసుకున్నారని అంటారు, మన లేటరల్ ఎంట్రీ లాగా. అక్కడ నేర్పింది మాత్రం శుద్ధ యూరప్ పద్ధతి. మోడల్‌ని కూర్చోబెట్టి గియ్యడం, కొలతలు, వెలుగునీడలు. 1920లో చదువు పూర్తయింది. బొంబాయిలోనో, కలకత్తాలోనో ఉండిపోవచ్చు కదా. వెనక్కి రాజమండ్రి వచ్చేశాడు. వచ్చి చిత్రకళాశాల పెట్టాడు, చిత్రకారుల సంఘం పెట్టాడు. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ, స్నేహితుడు వరదా వెంకటరత్నం, అందరూ కుంచె పట్టినవాళ్ళే. బాలిలో పిట మహా పుట్టడానికి పదేళ్ళ ముందే ఇది జరిగింది, పెట్టింది మన చిత్రకారుడే. అప్పటికి కూల్డ్రే లేడు కూడా. చెవుడు ముదిరి 1919లోనే ఉద్యోగం వదిలి ఇంగ్లండు వెళ్ళిపోయాడు.

రామారావు బొమ్మలు రాజమండ్రిలో ఆయన పేరున్న గ్యాలరీలో చూశాను. 'పుష్పాలంకరణ' ముందు చాలాసేపు నిలబడ్డాను. చిత్రకళ గురించి నాకు శాస్త్రం ఏమీ తెలీదు, తోచింది చెప్తున్నాను. ఆడవాళ్ళ కళ్ళు, చేతుల వంపు అజంతావే. ఒంటి కొలత, నిలబడిన తీరులో బరువు బొంబాయి క్లాసురూముది. కానీ చీర కట్టు, జడ, ఆ మొహాల్లో నిదానం గోదారి జిల్లావి, మా అమ్మమ్మ వాళ్ళ వీధిలో కనిపించేవి. మూడూ కలిసి మూడు ముక్కలుగా అతికినట్టు లేవు. ఇందులో ఏ గీత దగ్గర కూల్డ్రే ఉన్నాడో చెప్పమంటే నేను చూపించలేను. ఆయన ప్రభావం బొమ్మలో కనపడదు. ఆ కుర్రాడు గుమాస్తా కాకుండా బొమ్మలు వెయ్యడంలో ఉంది.

1924లో లండన్ వెంబ్లీలో జరిగిన పెద్ద ఎగ్జిబిషన్ దాకా వెళ్ళిన పేరు అది. 1925 ఫిబ్రవరి 6న రామారావు మశూచితో పోయాడు. ఇంకో నెల బతికుంటే ఇరవై ఎనిమిది నిండేవి.

తర్వాత వరదా వెంకటరత్నం ఆ బడిని మోశాడు. బాపిరాజు బందరు జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ ఛటర్జీ దగ్గర బెంగాల్ పద్ధతి నేర్చుకున్నాడు, ఆనక అదే కళాశాలకి ప్రిన్సిపాల్ అయ్యాడు, 1944-47 మధ్య ఇక్కడే హైదరాబాదులో 'మీజాన్' తెలుగు పత్రికకి సంపాదకుడిగా పనిచేశాడు. 'నారాయణరావు', 'గోన గన్నారెడ్డి' నవలల బాపిరాజు ఈయనే. కాబట్టి కూల్డ్రే గీత ఒక లెక్కన మన ఊరి దాకా వచ్చింది. ఐనా ఉబుద్‌లాగా రాజమండ్రి బొమ్మల ఊరు కాలేదు. రాజమండ్రి అంటే నర్సరీలు, పుష్కరాలు, రోజ్‌మిల్క్.

ఎందుకు కాలేదు? రామారావు అర్ధాయుష్షుతో పోవడం ఒక కారణం. దానికంటే పెద్ద కారణం, కొనేవాడు లేకపోవడం అని నా అనుమానం. కూల్డ్రే అజంతా చూపించాడు గానీ, నెలనెలా బొమ్మ కొనే మనిషిని తెచ్చిపెట్టలేదు. అది ఆయన పని కూడా కాదు. అది మన జమీందార్లదీ, ప్లీడర్లదీ, ఆ తర్వాత మనదీ. ఉబుద్‌లో రాజులు పోయిన చోటికి టూరిస్టులు వచ్చారు. మన దగ్గర జమీందార్లు పోయిన చోటికి క్యాలెండర్ వచ్చింది.

పరాయివాళ్ళు కళకి ఏం చెయ్యగలరో చూడాలంటే అజంతాలోనే ఇంకో ఉదాహరణ ఉంది. రామారావు చదువు ముగించిన 1920లోనే నిజాం ప్రభుత్వం అజంతా గోడల్ని కాపాడమని ఇటలీ నుంచి లొరెంజో చెక్కోని, ఓర్సీని అనే ఇద్దరు నిపుణుల్ని రప్పించింది. ఊడిపోతున్న బొమ్మల్ని వాళ్ళు గోడకి అతికించారు, కొంత రక్షించారు. పైన లక్క పూత కూడా పూశారు. అది కాలం గడిచేకొద్దీ పచ్చబడి, మబ్బు పట్టి, కింది రంగుల్ని మింగేసింది. దాన్ని తియ్యడానికి తర్వాతివాళ్ళు ఏళ్ళ తరబడి అవస్థ పడ్డారు. చెడగొట్టాలని ఎవరూ పూయలేదు, అప్పటికి వాళ్ళకి తెలిసిన బెస్ట్ ప్రాక్టీసు అది. దానికి పదేళ్ళ ముందు లేడీ హెరింగమ్ అనే ఇంగ్లీషావిడ అజంతా బొమ్మలకి నకళ్ళు తీస్తే, ఆవిడ దగ్గర నందలాల్ బోస్ లాంటి బెంగాలీ కుర్రాళ్ళతో పాటు హైదరాబాదు నుంచి సయ్యద్ అహ్మద్ అనే చిత్రకారుడు పనిచేశాడు. ఆయన వేసిన అజంతా నకళ్ళు ఇవాళ్టికీ నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఉన్నాయి. అసలు గోడలమీద చెరిగిపోయినవి కొన్ని ఆ నకళ్ళలోనే చూడాలి. మనలో ఎంతమందిమి వెళ్ళాం? హైటెక్ సిటీ నుంచి మెట్రోలో అసెంబ్లీ స్టేషన్ దగ్గర దిగితే పక్కనే.

బాలిలో సంతకం గురించి మళ్ళీ వస్తానన్నాను కదా. విదేశీ ప్రభావం అనగానే మనం వెంటనే రెండు జట్లుగా చీలిపోతాం. ఒక జట్టు, దొర మెచ్చాడు కాబట్టి గొప్పది అంటుంది. ఆన్‌సైట్ నుంచి 'గుడ్ జాబ్' మెయిల్ వస్తే టీమంతటికీ ఫార్వర్డ్ చేసే జట్టు. రెండో జట్టు, దొర ముట్టుకోలేదు కాబట్టి గొప్పది అంటుంది. రెండింట్లోనూ కొలబద్ద దొరే. నాకైతే ప్రభావం ఎంత, ఎవరిది అనే లెక్క కంటే, పనంతా అయ్యాక ఎవరి పేరు మిగిలింది అన్నది ముఖ్యం అనిపిస్తుంది. మచిలీపట్నం బట్టమీద ఎవరి పేరూ మిగల్లేదు. రాజమండ్రిలో రామారావు పేరు మిగిలింది, దాని వెనకాల చిన్నగా కూల్డ్రే పేరుంది. ఆ వరస అలాగే ఉండాలి. ఆ వరస అలా ఉండటం వల్లే కూల్డ్రే మంచి గురువు అని నేను నమ్ముతున్నాను.

ఇది నాకెందుకంత పట్టింది అంటే, కొన్నేళ్ళ క్రితం ఒక క్లయింటు కోసం మేం ఐదుగురం మూడేళ్ళు కూర్చుని ఒక సిస్టమ్ కట్టాం. వాళ్ళు ఇచ్చిన స్పెక్ సగం పేజీ, మిగతాదంతా మేం ఆలోచించిందే. తర్వాత వాళ్ళు కోడంతా కొత్త రిపోజిటరీకి మార్చినప్పుడు, మా కమిట్లన్నీ ఒకే ఒక వెండర్ ఐడీ కిందకి వచ్చేశాయి. ఇవాళ ఏ లైను ఎవరు రాశారని అడిగితే సిస్టమ్ ఐదుగురికీ కలిపి ఒకే పేరు చెప్తుంది, అది మనిషి పేరు కాదు. జీతం ఇచ్చారు, కాదనను. ఆ బట్టల కంపెనీ కూడా బొమ్మ వేసినవాడికి కూలి ఇచ్చే ఉంటుంది.

మన లాబీలు కూడా చూడండి. తోట వైకుంఠం గారి తెలంగాణ ఆడవాళ్ళని పోలిన బొమ్మలు, పెద్ద బొట్టు, ముక్కుపుడక, ముదురు ఎరుపు చీర, ఈ కారిడార్‌లో ఎన్ని రిసెప్షన్లలో చూశానో లెక్కలేదు. వాటిలో చాలావరకూ ఆయన వేసినవి కావు, ఎవరో నకలు కొట్టినవి. దగ్గరికెళ్ళి మూల చూస్తే సంతకం ఉండదు. అదే డబ్బుతో, మాదాపూర్‌లోనే ఉన్న స్టేట్ ఆర్ట్ గ్యాలరీకి వెళ్ళి ఒక కొత్త కుర్రాడి బొమ్మ, పేరుతో సహా, కొనొచ్చు. ఫర్నిచర్ బడ్జెట్‌లో చిల్లర అది. దానికి దొర రానక్కర్లేదు, అడ్మిన్ వాళ్ళకి ఒక మెయిల్ చాలు. నేను పెట్టాను. టికెట్ నంబరైతే వచ్చింది.

మర్నాడు ఇదంతా లంచ్‌లో చెప్పాను, ఇంత పొడుగ్గా కాదు లెండి. మా లీడ్ గారు చెట్టు సంగతి విని కాసేపు చున్నీ వైపు చూసుకుని, "ఐతే ఏం, రంగు మాదేగా" అంది. ఆ మాట కాదనలేను. కుర్రాడు మాత్రం డెస్క్ దగ్గరికి వెళ్ళి బొమ్మని చేతిలోకి తీసుకుని కింద కుడిమూల చూశాడు. సంతకం ఉంది. బాలి లిపో, ఇంగ్లీషో, గొలుసుకట్టు, ఎంత చూసినా చదవడానికి రాలేదు. "కొట్టులో ఆయన అక్కడే కూర్చుని వేస్తున్నాడన్నా. అరగంట మాట్లాడాను. పేరు అడగనే లేదు" అన్నాడు. జర్మన్ ఆయన పేరు మాత్రం వాడికి స్పెల్లింగుతో సహా గుర్తుంది.

వచ్చే లాంగ్ వీకెండ్‌కి లింగంపల్లిలో గౌతమి ఎక్కుతున్నాం, వాడూ, వాళ్ళావిడా, నేనూ. రెండు కన్ఫర్మ్ అయ్యాయి, నాది ఆర్‌ఏసీ.